రీస్టోర్ రోజున ఎన్ని టేపులు తీయాలి? ఫుల్, డిఫరెన్షియల్, ఇంక్రిమెంటల్ షెడ్యూళ్లలో ఏది ఎవరికి

గురువారం పొద్దున పదింటికి అకౌంట్స్ వాళ్ల ఫోన్ వస్తుంది. "నిన్న సాయంత్రం దాకా ఉన్న ఫోల్డర్ ఇవాళ కనబడట్లేదండీ, మధ్యాహ్నంలోపు కావాలి" అంటారు. ఫోన్ పెట్టేసి బీరువా తెరిస్తే మీరు ఎన్ని టేపులు బయటికి తీయాలి? ఒకటా, రెండా, ఏడా?

బ్యాకప్ షెడ్యూల్ ఎంచుకోవడమంటే ఈ ప్రశ్నకు ముందే జవాబు రాసిపెట్టుకోవడం. చాలామంది మాత్రం రాత్రి బ్యాకప్ ఎంత తొందరగా అయిపోతుందో చూసి షెడ్యూల్ పెడతారు. నేనూ కొన్నేళ్లు అలాగే పెట్టాను. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నాక లెక్క తిరగేశాను. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ఈ రోజుల్లో టేప్ ఏమిటి అనేవాళ్లకు ఒక్క మాట. 2011 ఫిబ్రవరి చివర్లో కొందరి జీమెయిల్ ఖాతాలు ఉన్నట్టుండి ఖాళీ అయిపోయాయి. స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో వచ్చిన బగ్ వేరే డేటా సెంటర్లలో ఉన్న కాపీల్ని కూడా చెరిపేసింది. గూగుల్ చెప్పిన లెక్కలో అది 0.02 శాతం మంది వినియోగదారులు. ఆ మెయిళ్లు తిరిగొచ్చింది టేపుల మీద నుంచి. డిస్కు కాపీలు ఎన్ని ఉన్నా అన్నీ నెట్‌వర్క్‌కు తగిలించే ఉంటాయి. బీరువాలో ఉన్న టేపు దగ్గరికి బగ్గూ రాలేదు, రాన్సమ్‌వేరూ రాలేదు.

మూడు రకాలు, తేడా ఒక్క చోట

ఫుల్ అంటే అంతా కాపీ చేయడం. డిఫరెన్షియల్ అంటే చివరి ఫుల్ తర్వాత మారినవన్నీ. ఇంక్రిమెంటల్ అంటే దానికి ముందు ఏ బ్యాకప్ జరిగిందో, అది ఏ రకమైనా సరే, దాని తర్వాత మారినవి మాత్రమే. సోమవారం మార్చిన ఫైలు డిఫరెన్షియల్‌లో అయితే శనివారం దాకా ప్రతి రాత్రీ టేపు మీదికి ఎక్కుతూనే ఉంటుంది. ఇంక్రిమెంటల్‌లో సోమవారం రాత్రి ఒక్కసారే ఎక్కుతుంది. మిగతా తేడాలన్నీ ఇక్కడి నుంచి పుట్టినవే.

ఇంక్రిమెంటల్ అంటే ముందే పాడుకున్న చీటీ లాంటిది. సమయం ఇప్పుడే చేతికొస్తుంది, వాయిదాలు తర్వాత కట్టాలి. రీస్టోర్ రోజున ఫుల్ దగ్గర మొదలుపెట్టి సోమవారం, మంగళవారం, బుధవారం అంటూ వరసగా ఒక్కో సెట్టూ (ఒక రాత్రి బ్యాకప్ ఉన్న టేపు లేదా టేపులు) వేయాలి. డిఫరెన్షియల్‌లో ఫుల్, చివరి డిఫరెన్షియల్, అంతే.

ముందు మీ దగ్గరున్న అంకెలు చూసుకోండి

ఎల్‌టీఓ-8 (బ్యాకప్ టేపుల్లో ఎల్‌టీఓ రకం, ఎనిమిదో తరం) టేపు మీద 12 టీబీ పడుతుంది. డబ్బా మీద మాత్రం 30 టీబీ అని పెద్దగా ఉంటుంది. అది డేటా రెండున్నర రెట్లు కుదించుకుంటుందని వేసిన లెక్క. ఫొటోలు, వీడియోలు, జిప్ ఫైళ్లు ఇప్పటికే కుదించి ఉంటాయి కాబట్టి టేపు మీద ఇంకేమీ తగ్గవు. పెద్ద అంకెను నమ్ముకుని టేపులు కొంటే శనివారం అర్ధరాత్రి రెండో టేపు అడుగుతూ డ్రైవ్ ఆగిపోతుంది, అడిగినప్పుడు పెట్టేవాళ్లెవరూ ఉండరు.

వేగం సంగతీ అంతే. ఆ డ్రైవ్ సెకనుకు 360 ఎంబీ రాయగలదు. కానీ డేటా అంత వేగంగా అందించేది ఎవరు? బాగున్న సర్వర్ 250 ఎంబీ ఇవ్వవచ్చు. లక్షలకొద్దీ చిన్న ఫైళ్లున్న పాత ఫైల్ సర్వర్ 80 దగ్గరే ఆయాసపడుతుంది. 10 టీబీ ఫుల్ మొదటి సర్వర్‌లో 11 గంటల్లో అవుతుంది. రెండోదాంట్లో దాదాపు 35 గంటలు. శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి మొదలుపెడితే ఆదివారం తెల్లారేదాకా నడుస్తుంది.

పైగా డ్రైవ్‌కి ఒక కనీస వేగం ఉంటుంది. డేటా అంతకన్నా నెమ్మదిగా వస్తే టేపు ఆగి, కొంచెం వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు పరిగెత్తాలి. చెప్పులు పాలిష్ చేసేవాడి గుడ్డలా ముందుకీ వెనక్కీ. వేగం ఇంకా పడిపోతుంది, టేపూ హెడ్డూ అరుగుతాయి. చిన్న చిన్న ఇంక్రిమెంటళ్లతో ఇది ఎక్కువ. అందుకే ముందు డిస్కు మీదికి పోగుచేసి, అక్కడి నుంచి ఒక్క ఊపున టేపు మీదికి పంపడం మంచిది. బక్యులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో దీన్ని స్పూలింగ్ అంటారు, అమాండా అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో హోల్డింగ్ డిస్క్. ఒక ఎస్‌ఎస్‌డీ ఖర్చుతో పోతుంది, మొహమాటపడకండి.

లెక్క పెట్టి చూద్దాం

10 టీబీ డేటా, రోజుకు 200 జీబీ మార్పు, సెకనుకు 250 ఎంబీ వేగం ఉన్న ఆఫీసు అనుకుందాం. నాలుగు వారాలకు ఒక్కో షెడ్యూల్ టేపుల మీద ఎంత రాస్తుంది, చివరి రోజున రీస్టోర్‌కు ఎన్ని సెట్లు కావాలి:

| షెడ్యూల్ | 4 వారాల్లో రాసేది | రీస్టోర్‌కు గరిష్ఠంగా |
|---|---|---|
| రోజూ ఫుల్ | 280 టీబీ | 1 సెట్ |
| వారానికో ఫుల్, మిగతా రోజులు డిఫరెన్షియల్ | సుమారు 57 టీబీ | 2 సెట్లు |
| వారానికో ఫుల్, మిగతా రోజులు ఇంక్రిమెంటల్ | సుమారు 45 టీబీ | 7 సెట్లు |
| నెలకో ఫుల్, వారానికో డిఫరెన్షియల్, రోజూ ఇంక్రిమెంటల్ | సుమారు 23 టీబీ | 8 సెట్లు |
| నెలకో ఫుల్, మిగతా అన్ని రోజులూ ఇంక్రిమెంటల్ | సుమారు 15 టీబీ | 28 సెట్లు |

రెండో వరసా మూడో వరసా పక్కపక్కన పెట్టి చూడండి. తేడా 12 టీబీ. నాలుగు వారాల్లో డ్రైవ్ అదనంగా 13 గంటలు తిరుగుతుంది, అదీ మీరు నిద్రపోతున్నప్పుడు. దానికి బదులుగా రీస్టోర్ ఏడు సెట్ల నుంచి రెండుకు దిగుతుంది. నిజానికి ఈ 57 కూడా ఎక్కువ చేసి చెప్పిన అంకే. రోజూ వేరే వేరే ఫైళ్లు మారతాయని అనుకుని వేశాను. ఆఫీసుల్లో ఎక్కువగా అవే ఎక్సెల్ షీట్లు, అవే ప్రాజెక్ట్ ఫోల్డర్లు మళ్లీ మళ్లీ మారతాయి కాబట్టి డిఫరెన్షియల్ అంత వేగంగా లావెక్కదు.

అందుకే 10 టీబీ చుట్టుపక్కల డేటా, ఒకటే డ్రైవ్ ఉన్న ఆఫీసుకు నా ఓటు వారానికో ఫుల్, రోజూ డిఫరెన్షియల్. శనివారం నాటి డిఫరెన్షియల్ 1.2 టీబీ, అంటే 80 నిమిషాల పని.

రోజుకు మారేది 200 జీబీ కాక ఒక టీబీ అయితే లెక్క మారిపోతుంది. శనివారం డిఫరెన్షియల్ 6 టీబీ అయి దాదాపు ఏడు గంటలు తింటుంది. అప్పుడు ఇంక్రిమెంటల్‌కు మారడంలో తప్పులేదు. డిఫరెన్షియల్ సైజు ఫుల్‌లో మూడో వంతు దాటుతోందంటే ఫుల్ ఇంకా తరచుగా తీయాలనో, ఇంక్రిమెంటల్ కలపాలనో అర్థం. ఇది నా చేతి లెక్క, శాస్త్రం కాదు.

డేటా 2 టీబీయే అయితే ఇంత ఆలోచన దండగ. రోజూ ఫుల్ తీసేయండి. సెకనుకు 200 ఎంబీ అనుకున్నా మూడు గంటల్లోపే అయిపోతుంది. ఒక రాత్రిలో హాయిగా పట్టే డేటాకి ఇంక్రిమెంటల్ పెట్టి గొలుసు తయారుచేసుకోవడం కోరి తలనొప్పి తెచ్చుకోవడమే.

40 టీబీ దాటితే మాత్రం వారానికో ఫుల్ కుదరదు. అదే వేగంలో 44 గంటలు, నాలుగు టేపులు. ఇక్కడ నెలకో ఫుల్, వారానికో డిఫరెన్షియల్, రోజూ ఇంక్రిమెంటల్ బాగా పనిచేస్తుంది. బక్యులా ఇన్‌స్టాల్ చేస్తే వచ్చే నమూనా షెడ్యూల్ ఇదే: నెలలో మొదటి ఆదివారం రాత్రి 11:05కి ఫుల్, మిగతా ఆదివారాలు డిఫరెన్షియల్, సోమవారం నుంచి శనివారం దాకా ఇంక్రిమెంటల్. అది రాసినవాళ్లు ఊరికే పెట్టలేదు. దానికి తోడు మొత్తం డేటాను నాలుగు జాబులుగా, అంటే నాలుగు విడి బ్యాకప్ పనులుగా, విడగొట్టి, వారానికి ఒక్కో భాగానికి ఫుల్ తీస్తే ఏ వారాంతమూ మునిగిపోదు. మేరీల్యాండ్ యూనివర్సిటీలో పుట్టిన అమాండా ఈ పంపకం తనంతట తానే చేస్తుంది. ఎన్ని రోజులకోసారి ఫుల్ కావాలో చెబితే చాలు, ఏ డిస్కుకు ఏ రోజో అదే చూసుకుంటుంది. ఈ రోజు ఫుల్ డే అనుకునే అలవాటు ఉన్నవాళ్లకు మాత్రం మొదట్లో కాస్త అయోమయంగా ఉంటుంది.

యూనిక్స్ పాతకాపులకు డంప్ అనే బ్యాకప్ కమాండ్, దాని లెవెల్స్ గుర్తుండే ఉంటాయి. 0 అంటే ఫుల్. మిగతా ఏ లెవెలైనా తనకన్నా తక్కువ లెవెల్ చివరిసారి జరిగిన దగ్గర నుంచి మారినవి తీస్తుంది. దాని మాన్యువల్ పేజీలో 3, 2, 5, 4, 7, 6, 9, 8, 9, 9 అనే వరస ఉంటుంది, హనోయ్ టవర్ పజిల్‌ని కొంచెం మార్చి పెట్టింది. 0 తర్వాత నాలుగో రోజు, అంటే లెవెల్ 4 అయ్యాక, డిస్కు పోతే 0, 2, 4 మూడే చాలు. తెలివైన ఏర్పాటే. కానీ రాత్రి రెండింటికి నిద్రమత్తులో ఆ వరస తప్పులేకుండా చెప్పగలవాడు మీ టీంలో ఉంటేనే పెట్టుకోండి.

ఒకే ఒక్క ఫుల్ తీసి జీవితాంతం ఇంక్రిమెంటలే నడిపే పద్ధతి కూడా ఉంది. అలా నడిచే ఐబీఎం సాఫ్ట్‌వేర్ టీఎస్ఎం పేరు వినే ఉంటారు. అది టేపుల మీద ఇంకా పనికొచ్చే ముక్కల్ని ఏరి మరో టేపు మీదికి మారుస్తూ ఉండాలి. దానికి కనీసం రెండు డ్రైవ్‌లు, టేపులు తనే మార్చుకునే ఒక లైబ్రరీ, ఓపిక ఉండాలి. ఒక్క డ్రైవ్ ఉన్నవాళ్లు ఆ ఊసెత్తకండి.

నేను తిన్న దెబ్బ

ఒక ఆఫీసులో పట్టికలోని చివరి వరస నాది. ఒకటో తారీఖున ఫుల్, తర్వాత అన్నీ ఇంక్రిమెంటళ్లు. పావుగంటలో బ్యాకప్ అయిపోతోందని మురిసిపోయేవాణ్ణి. 23వ తారీఖున స్టోరేజ్‌లో ఒకదాని వెనక ఒకటి రెండు డిస్కులు పోయాయి.

రీస్టోర్ మొదలుపెట్టాను. టేపులు మార్చడానికి, వెతకడానికి పెద్ద సమయమేమీ పట్టలేదు. చాలామంది అక్కడే భయపడతారు కానీ సమస్య అది కాదు. తొమ్మిదో తారీఖు సెట్ మధ్యలో రీడ్ ఎర్రర్ వచ్చింది. ఆ రాత్రి జాబ్ "వార్నింగులతో ముగిసింది" అని మెయిల్ కూడా వచ్చింది, నేను చూడలేదు. దాంతో తొమ్మిదిన మార్చి మళ్లీ ముట్టుకోని ఫైళ్లన్నీ అంతకుముందు రూపంలో వచ్చి కూర్చున్నాయి. చూడ్డానికి ఫైల్ ఉంది, తెరుస్తుంది, కానీ లోపల పాత అంకెలు. అసలు లేకపోవడం కన్నా ఇది ప్రమాదం. ఎవరూ వెంటనే గమనించరు.

రెండోది ఇంకా విచిత్రం. నెల మధ్యలో జనం డిలీట్ చేసిన ఫోల్డర్లన్నీ లేచి వచ్చాయి. ఇంక్రిమెంటల్ మార్పులనే చూస్తుంది, మాయమైన వాటిని నమోదు చేయమని విడిగా చెప్పాలి. బక్యులాలో అయితే దానికి అక్యురేట్ అనే సెట్టింగ్ ఉంది, ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. అది లేకపోతే పాత తేదీతో వేరే చోటి నుంచి తెచ్చి పెట్టిన ఫైళ్లు కూడా ఇంక్రిమెంటల్ కంటపడకపోవచ్చు. మా దగ్గర చచ్చి బతికిన ఫైళ్లతో డిస్కు నిండిపోయి రీస్టోరే ఆగిపోయింది. ఆ రాత్రి టెన్షన్ ఎవరికీ వద్దు.

డిఫరెన్షియల్ ఉండి ఉంటే? తొమ్మిదో తారీఖు సెట్ చెడిపోయినా ఇబ్బంది లేదు, 22వ తారీఖు సెట్ చదవగలిగితే చాలు. 22 చెడిపోతే 21కి వెళ్తాం, ఒక్క రోజు పని పోతుంది. గొలుసులో మధ్య లంకె తెగడానికీ, చివరి లంకె ఊడటానికీ ఉన్న తేడా ఇదే.

ఈ లెక్కలేవీ పనిచేయని డేటా

డేటాబేస్ ఫైళ్లకు ఫైల్ స్థాయి ఇంక్రిమెంటల్ దండగ. 500 జీబీ ఫైల్లో పది వోచర్లు ఎంట్రీ చేసినా ఫైలంతా మారినట్టే లెక్క, మొత్తం 500 జీబీ మళ్లీ టేపెక్కుతుంది. నడుస్తున్న డేటాబేస్ ఫైల్‌ని అలా కాపీ చేస్తే అది తెరుచుకుంటుందన్న నమ్మకమూ లేదు. డేటాబేస్ సొంత డంప్, లాగ్ బ్యాకప్‌లు డిస్కు మీద తీసి, వాటిని టేపుకు పంపండి. వర్చువల్ మెషీన్ డిస్కు ఫైళ్లకూ ఇదే మాట.

షూటింగ్ ఫుటేజ్ దీనికి పూర్తిగా ఎదురు. కెమెరా నుంచి వచ్చింది మళ్లీ మారదు. దానికి షెడ్యూలే అక్కర్లేదు. వచ్చిన రోజున రెండు టేపుల మీద రాసి, ఒకటి వేరే చోట పెట్టేయడమే. ఎడిటింగ్ ప్రాజెక్ట్ ఫైళ్లకు మాత్రం రోజువారీ బ్యాకప్ కావాలి.

విండోస్ సర్వర్లలో ఇంకో గోతి ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫైల్ మారిందా లేదా అని దాని మీదుండే ఆర్కైవ్ బిట్ అనే గుర్తు చూసి తేల్చుకుంటాయి. ఫుల్, ఇంక్రిమెంటల్ ఆ గుర్తును చెరుపుతాయి, డిఫరెన్షియల్ చెరపదు. మధ్యలో ఎవరో "ఊరికే ఒక ఫుల్ తీసుకుంటా" అని యూఎస్‌బీ డిస్కు మీదికి తీసుకుని ఇంటికి పట్టుకెళ్తే, మీ తర్వాతి డిఫరెన్షియల్‌కి ఆధారం ఆ యూఎస్‌బీ డిస్కే అవుతుంది. అలాంటి వాటికి కాపీ అనే రకం వాడమనండి, అది గుర్తు జోలికి పోదు.

టేపులు తిప్పడం

ఎక్కువమంది వాడేది తాత–తండ్రి–కొడుకు పద్ధతి. సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు రోజువారీ టేపులు, శుక్రవారాలకు ఐదు, నెలాఖరులకు పన్నెండు, మొత్తం 21. కొడుకులు వారానికోసారి తిరిగి వాడకంలోకి వస్తారు, తండ్రులు నెలకోసారి, తాతలు ఏడాదికోసారి.

మన కంపెనీలకు మార్చి 31 టేపు విడిగా ఉండాలి. కంపెనీల చట్టం 2013 ప్రకారం లెక్కల పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న లెక్కలకు 2022 ఆగస్టు సవరణ నుంచి బ్యాకప్ రోజువారీగా, దేశంలోనే ఉన్న సర్వర్‌లో ఉండాలి. టేపు దానికి అదనమే తప్ప బదులు కాదు.

రిటెన్షన్ (ఏ బ్యాకప్‌ని ఎన్నాళ్లు చెరపకుండా ఉంచాలో ఆ గడువు) పెట్టేటప్పుడు ఒక్క నియమం పట్టుకోండి: ఫుల్ మీద ఆధారపడ్డ ఆఖరి ఇంక్రిమెంటల్ బతికున్నంత కాలం ఆ ఫుల్ కూడా బతకాలి. కొత్త ఫుల్ విజయవంతంగా పూర్తయ్యేదాకా పాత ఫుల్ మీద చెయ్యి వేయకూడదు. ఫుల్‌కి ఒకే టేపు పెట్టుకుని ఆదివారం రాత్రి దాని మీదే రాస్తున్నారనుకోండి. రెండింటికి కరెంటు పోయి యూపీఎస్ చేతులెత్తేస్తే పాతదీ లేదు, కొత్తదీ లేదు. ఫుల్ కోసం తక్కువలో తక్కువ మూడు టేపులు తిప్పండి. ఫుల్, డిఫరెన్షియల్, ఇంక్రిమెంటల్‌కు వేరే వేరే పూల్స్ (టేపుల గుంపులు) పెడితే ఒకదాని రిటెన్షన్ ఇంకొకదాన్ని తొక్కదు.

బక్యులాలో మామూలుగా వాల్యూమ్ (అంటే టేపు) రిటెన్షన్ 365 రోజులు, ఫైల్ రిటెన్షన్ 60 రోజులు. మొదటిదాని వల్ల అది అస్తమానం కొత్త టేపు అడుగుతుంది, విసుగొచ్చి జనం దాన్ని ఏడు రోజులకు కోసేస్తారు. రెండోదాని వల్ల రెండు నెలలు దాటాక టేపు మీద డేటా ఉన్నా క్యాటలాగ్‌లో (ఏ ఫైలు ఏ టేపు మీద ఉందో రాసుకునే జాబితాలో) ఫైళ్ల పేర్లు ఉండవు, ఒక్క ఫైల్ కోసం జాబ్ మొత్తం రీస్టోర్ చేయాల్సి వస్తుంది. రెండూ మీ తాత టేపుల వయసుకు తగ్గట్టు మార్చుకోండి. క్యాటలాగ్ బ్యాకప్ కూడా ప్రతి రాత్రీ చివర్లో టేపు మీదికి వెళ్లాలి. అది పోతే టేపులన్నీ స్కాన్ చేస్తూ రోజులు గడపాలి.

రోజుకో టేపా, ఒకే టేపు మీద వారమంతా ఒకదాని వెనక ఒకటి అతికించడమా? టేపులు తనే మార్చుకునే ఆటోలోడర్ లేనివాళ్లకు ఇది నిజమైన ప్రశ్న. వారమంతా డ్రైవ్‌లోనే ఉండే టేపు బీరువాలో ఉన్న టేపు కాదు. ఆఫీసుకు నిప్పంటుకుంటే అదీ పోతుంది. రోజుకొకటి మారిస్తే భద్రం, కానీ మార్చే మనిషి రావాలి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ ఎవరొస్తారు? పండగ ముందు రోజు ఫుల్ తీసి ఆ టేపు బయటికి పంపి, ఆ మూడు రోజులకు ఒక ఖాళీ టేపు పెట్టి అతికించమనండి. ఎనిమిది స్లాట్ల ఆటోలోడర్ ఉంటే ఈ బాధ లేదు. ఆఫీసు తెరిచాక టేపులు బయటికి తీసి పంపడం మర్చిపోకూడదు, అంతే.

బయటికి పంపడమంటే బండి డిక్కీలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లడం కాదు. నిల్వకు 16 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెల విజయవాడ ఎండలో డిక్కీ ఎంత కాలుతుందో చెయ్యి పెట్టి చూసినవాళ్లకు తెలుసు. వేడిలోంచి తెచ్చిన టేపును ఒక రోజు సర్వర్ గదిలో ఉంచాకే డ్రైవ్‌లో పెట్టండి.

ఎనిమిదేళ్లు దాచే టేపుకు ఎనిమిదేళ్ల తర్వాత డ్రైవ్ కూడా ఉండాలి. ఎల్‌టీఓ-8 డ్రైవ్ ఎల్‌టీఓ-7 దాకానే చదువుతుంది, 6 చదవదు. 9 డ్రైవ్ 8ని చదువుతుంది, 7ని చదవదు. 2025లో వచ్చిన 10 అయితే పాత తరాలు వేటినీ చదవదు. కొత్త డ్రైవ్ కొన్న రోజున పాతది తుక్కు కింద అమ్మేయకుండా, మార్చి 31 టేపుల్ని కొత్త తరానికి కాపీ చేసేదాకా పక్కన పెట్టుకోండి.

ఎల్‌టీఓ-9కి వెళ్తున్నవాళ్లకు ఇంకొక్కటి. ఆ తరం కొత్త టేపు మొదటిసారి లోడ్ అయినప్పుడు డ్రైవ్ దాన్ని సరిచూసుకోవడానికి రెండు గంటల దాకా తీసుకోవచ్చు. ఫుల్ ఉన్న రాత్రి కొత్త టేపు పెడితే ఆ రెండు గంటలూ మీ బ్యాకప్ సమయంలోంచే పోతాయి. కొత్త పెట్టె రాగానే పగటిపూట ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కోటీ లోడ్ చేసి, బార్‌కోడ్ అంటించి, ఆ తర్వాతే పూల్‌లో కలపండి.